మౌస్ ముట్టకుండా మౌస్ పని: పర్లాకిమిడి డీటీపీ దుకాణంలో మౌస్ కీస్

విండోస్ ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ మౌస్ కీస్ అనే సదుపాయం ఒకటి ఉంది. కీబోర్డు కుడి చివర ఉండే అంకెల మీటలతో తెర మీది పాయింటర్‌ను నడపవచ్చు, క్లిక్ చేయవచ్చు, దేన్నైనా పట్టుకుని లాగవచ్చు. దీనికి పైసా ఖర్చు లేదు, డౌన్‌లోడ్ చేయవలసిందీ లేదు. నేను పర్లాకిమిడిలో డీటీపీ దుకాణం నడుపుతున్నాను. నా పనిలో పెద్ద భాగం ఇప్పుడు దీనితోనే సాగుతోంది. అది ఎక్కడ ఆదుకుంటుందో, ఎక్కడ విసిగిస్తుందో వివరంగా రాస్తే నాలాంటి వారికి పనికొస్తుందని ఈ సమీక్ష.

ముందుగా నా పని సంగతి చెప్పాలి, లేకపోతే నా తీర్పుకు ఆధారం తెలియదు. పర్లాకిమిడి 1936లో ఒడిశాలో కలిసింది. అయినా ఇక్కడ చాలా ఇళ్ళలో ఇప్పటికీ తెలుగే మాట్లాడుకుంటారు. సరిహద్దు దాటితే పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా. పెళ్ళికొడుకు టెక్కలి వైపు, పెళ్ళికూతురు కాశీనగర్ వైపు అయితే శుభలేఖ ఒక పక్క తెలుగులో, మరో పక్క ఒడియాలో ఉండాలి. తెలుగుకు అను ఫాంట్లు, ఒడియాకు ఆకృతి ఫాంట్లు. పేజ్‌మేకర్‌లో అక్షరాలు పేర్చడం, కోరల్‌డ్రాలో గణపతి బొమ్మ, అంచులు సర్దడం, ఫొటోషాప్‌లో పాత ఫొటోలు బాగుచేయడం, మధ్యమధ్యలో విద్యార్థుల ఆన్‌లైన్ దరఖాస్తులు. వీటిలో మౌస్ పట్టుకోకుండా జరిగే పని దాదాపు లేదు. ఇన్నేళ్ళ పట్టు ఫలితంగా కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి పట్టుకుంది. కొంతకాలం మౌస్ వైపు చేయి పోనివ్వద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. మాఘమాసం ముహూర్తాల ముందు దుకాణం మూసుకుని కూర్చోవడం కుదరదు కదా. అలా మౌస్ కీస్ నా చేతికి వచ్చింది. నొప్పి తగ్గిన తర్వాత కూడా నేను దాన్ని వదలలేదు. కారణం తర్వాత చెబుతాను.

ఆన్ చేయడానికి రెండు దారులున్నాయి. ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, అంకెల మీటల దగ్గరుండే నంలాక్ మూడింటినీ కలిపి నొక్కితే ఒక చిన్న శబ్దం వచ్చి, ఆన్ చేయాలా అని పెట్టె అడుగుతుంది. ఎంటర్ కొడితే చాలు. లేదా విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి యాక్సెసిబిలిటీ, అందులో మౌస్ దగ్గరకు వెళ్ళాలి. విండోస్ 10లో ఆ విభాగం పేరు ఈజ్ ఆఫ్ యాక్సెస్. నా సలహా రెండో దారి. అక్కడే వేగం సర్దుకునే పట్టీలు కూడా ఉంటాయి, వాటిని సర్దకుండా దీన్ని వాడిన వారెవరూ రెండోసారి ముట్టుకోరు.

మీటల అమరిక చూడగానే అర్థమవుతుంది. 8 పైకి, 2 కిందికి, 4 ఎడమకు, 6 కుడికి. మూలల్లో ఉన్న 7, 9, 1, 3 ఏటవాలుగా నడుపుతాయి. మధ్యలో ఉన్న 5 క్లిక్. కూడిక గుర్తు డబుల్ క్లిక్. సున్నా నొక్కితే మౌస్ బటన్‌ను నొక్కి పట్టుకున్నట్టు లెక్క. అప్పుడు పాయింటర్‌ను ఎటు నడిపితే వస్తువు అటు వస్తుంది, చుక్క మీట నొక్కగానే అక్కడ వదిలేస్తుంది. కుడి క్లిక్ కావాలంటే ముందు తీసివేత గుర్తు నొక్కి, ఆ తర్వాత 5. తిరిగి ఎడమ క్లిక్‌కు రావాలంటే భాగహారం గుర్తు. గుణకారం గుర్తు రెండు బటన్లనూ కలిపి నొక్కినట్టు, దాని అవసరం నాకు ఎన్నడూ పడలేదు. వేళ్ళకు ఇదంతా అలవాటు కావడానికి ఎక్కువ కాలం పట్టదు. అంకెల మీటల మీద లెక్కలు కొట్టిన అనుభవం ఉంటే మరీ తేలిక.

ఇక దీని పెద్ద లోపం, వేగం. మీట నొక్కి పట్టుకుంటే పాయింటర్ మొదట మెల్లగా బయలుదేరి, క్రమంగా వేగం అందుకుంటుంది. ఆ గరిష్ఠ వేగానికి మైక్రోసాఫ్ట్ పెట్టిన హద్దు సెకనుకు 360 పిక్సెళ్ళు, అంటే తెర మీది చుక్కలు. మా తెర వెడల్పు 1920 పిక్సెళ్ళు. పట్టీని పూర్తిగా కుడికి జరిపినా, ఈ చివరి నుంచి ఆ చివరికి చేరడానికి ఐదు సెకన్లు దాటుతుంది. మౌస్‌తో ఒక్క విదిలింపు. రోజంతా ఇలా కాచుకుని కూర్చుంటే సాయంత్రానికి తల పగిలిపోతుంది. దీనికి మందు అక్కడే ఉంది. కంట్రోల్ మీటను కలిపి నొక్కితే పాయింటర్ పెద్ద పెద్ద అంగలు వేస్తుంది, షిఫ్ట్ కలిపితే అతి చిన్న అడుగులు వేస్తుంది. సెట్టింగ్స్‌లో ఈ రెండింటికీ అనుమతి ఇచ్చే గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టడం తప్పనిసరి. దూరం ప్రయాణానికి కంట్రోల్, చివరి నాలుగు అడుగులకు షిఫ్ట్. ఈ జోడీ పట్టుబడ్డాక నాకు వేగం మీద ఫిర్యాదు సగానికి సగం తగ్గింది. మిగిలిన సగం మాత్రం మైక్రోసాఫ్ట్ తీర్చవలసిందే. పెద్ద తెరలు ఇన్ని వచ్చిన తర్వాత కూడా ఆ హద్దును పెంచకపోవడం నాకు బాధగా ఉంది. ఒక మీట నొక్కితే పాయింటర్ తెర నడిమధ్యకు దూకే ఏర్పాటు ఒక్కటి ఉన్నా ఎంతో మేలు.

మరి నొప్పి తగ్గాక కూడా ఎందుకు వదలలేదు? ఇందులో నడక వేరు, క్లిక్ వేరు. మౌస్‌లో ఈ రెండూ ఒకే చేతిలో, ఒకే వస్తువులో ఉంటాయి. బటన్ నొక్కే ఒత్తిడికి మౌస్ వెంట్రుకవాసి కదులుతుంది, దానితో పాయింటర్ కూడా కదులుతుంది. మామూలు పనిలో ఇది ఎవరికీ తెలియదు. సున్నితమైన పనిలో మాత్రం ప్రతిసారీ తెలుస్తుంది.

పాత ఫొటో ఒకటి తీసుకోండి. మడత పెట్టి ట్రంకు పెట్టెలో దాచిన నలుపు తెలుపు పెళ్ళి ఫొటో. స్కాన్ చేసి నాలుగింతలు పెంచితే, మడత గీత సరిగ్గా పెళ్ళికూతురి కనుబొమ మీదుగా పోతుంది. ఆ గీతను చెరపాలి, కనుబొమ మాత్రం చెరగకూడదు. ఫొటోషాప్‌లో మచ్చలు చెరిపే బ్రష్‌ను చిన్నది చేసుకుని, గీత మొదట్లో పెడతాను. షిఫ్ట్ పట్టుకుని 2 మీటను తడతాను, పాయింటర్ ఇసుమంత దిగుతుంది. 5 నొక్కుతాను, పాయింటర్ ఉన్న చోటనే ఉండి క్లిక్ పడుతుంది. మళ్ళీ ఇసుమంత, మళ్ళీ 5. కనుబొమ దగ్గరకు వచ్చాక 3 మీటతో ఏటవాలుగా దాని అంచు వెంట నడుస్తాను. వెంట్రుకలు ఒక్కొక్కటిగా అలాగే ఉంటాయి, గీత ఒక్కటే పోతుంది. ఇదే పని మౌస్‌తో చేసినప్పుడు అన్డూ ఎన్నిసార్లు కొట్టేదాన్నో. శుభలేఖలో లక్ష్మీదేవి బొమ్మ చుట్టూ నేపథ్యాన్ని కత్తిరించేటప్పుడు కూడా అంతే. కిరీటం మొనల దగ్గర బిందువులు పెట్టాలంటే నాకు ఇప్పుడు అంకెల మీటలే కావాలి. వస్తువులను జరపడానికైతే కోరల్‌డ్రాలో మామూలు బాణం మీటలు సరిపోతాయి, దానికి మౌస్ కీస్ అక్కర్లేదు.

ఈ సదుపాయం పుట్టింది మాత్రం నాలాంటి డీటీపీ వాళ్ళ కోసం కాదు. అప్పట్లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఉన్న ట్రేస్ సెంటర్ అనే పరిశోధన కేంద్రం, చేతులు సహకరించని వారు కంప్యూటర్ వాడుకోవడానికి చేసిన కృషి నుంచి ఇలాంటివి వచ్చాయి. విండోస్ 95తో ఇది అందరి కంప్యూటర్లలోకీ చేరింది. అప్పటి నుంచీ ఉన్నదాన్ని మన దగ్గర ఎందరికో అవసరం ఉండి కూడా ఎవరూ చూపించలేదు. ఆ అవసరం ఎలాంటిదో నాకు కళ్ళారా తెలిసింది మా మాస్టారి దగ్గర.

ఆయన రిటైరైన తెలుగు పండితులు. చేతులు వణుకుతాయి. పద్యం చెబితే గొంతు కంచులా మోగుతుంది, మౌస్ పట్టుకుంటే పాయింటర్ తెరంతా తిరుగుతుంది. డబుల్ క్లిక్ చేయబోతే రెండు క్లిక్కుల మధ్య చేయి జరిగి, ఫైలు వెళ్ళి పక్క ఫోల్డరులో పడుతుంది. ఇంట్లో మనుమడి కంప్యూటర్ ఉన్నా దాని జోలికి వెళ్ళడం మానేసి, రాసినవి కాగితాల మీద తెచ్చి నా చేత టైపు చేయించి, నా చేతనే పత్రికలకు మెయిల్ పంపించేవారు. ఒక మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు ఆయన్ని రెండో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను.

"నా చేయి నిలవదమ్మా. నేను చెబుతాను, నువ్వు నొక్కు" అన్నారు.

"మీరే నొక్కండి మాస్టారూ. మీట మీద వేలు వణికినా ఫరవాలేదు, తెర మీద బాణం వణకదు" అన్నాను.

వ్యాసం ఫైలును మెయిల్‌కు జతచేయాలి. ఆయన చూపుడు వేలు 9 మీట మీద పెట్టి పట్టుకున్నారు. వేలు అదురుతూనే ఉంది, పాయింటర్ మాత్రం తిన్నగా ఏటవాలుగా పైకి వెళ్ళింది. కాస్త దాటిపోయింది. 4 తట్టారు, ఒకసారి, మరోసారి. జతచేసే క్లిప్పు బొమ్మ మీద ఆగింది. అప్పుడు చేయి పూర్తిగా మీటల మీద నుంచి తీసేసి, ఊపిరి పీల్చుకుని, తీరిగ్గా 5 నొక్కారు. పెట్టె తెరుచుకుంది. మధ్యలో చేయి తీసేయగలగడమే ఇక్కడ కీలకం. మౌస్ అయితే గురి పెట్టిన చేయి గురి మీదనే ఉండాలి, ఆ నిలపడమే ఆయన వల్ల కానిది. ఇక్కడ గురి పెట్టి, విశ్రాంతి తీసుకుని, ఆ తర్వాత క్లిక్ చేయవచ్చు. మెయిల్ వెళ్ళాక ఆయన "ఇది ముందే ఎవరూ చెప్పలేదేమమ్మా" అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

అలాంటి వారికి ఏర్పాటు చేసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మూడు మీటలు కలిపి నొక్కే దారి వారికి కష్టం. సెట్టింగ్స్‌లో ఒకసారి ఆన్ చేసి అలాగే వదిలేయండి. కంట్రోల్, షిఫ్ట్‌లను పట్టుకుని ఉండటం కూడా కష్టమే కనుక, ముందుగా వేగం పట్టీని మధ్యస్థంగా పెట్టి చూడండి. మాస్టారి కంప్యూటర్‌కు నేను అలాగే పెట్టాను. అక్షరాలు టైపు చేసేటప్పుడు ఒకే మీట పదేపదే పడే ఇబ్బందికి ఫిల్టర్ కీస్ అని పక్కనే మరొకటి ఉంది, అది పొరపాటు తాకిళ్ళను పట్టించుకోకుండా వదిలేస్తుంది. దాని గురించి మళ్ళీ ఎప్పుడైనా.

విసుగు తెప్పించే విషయాలు దాచను. అన్నిటికన్నా పెద్దది కుడి క్లిక్ పద్ధతి. తీసివేత గుర్తు నొక్కిన తర్వాత, భాగహారం గుర్తు నొక్కే వరకూ ప్రతి 5 కూడా కుడి క్లిక్కే అవుతుంది. కాపీ కోసం ఒకసారి మెనూ తెరిచి, ఆ తర్వాత మామూలుగా క్లిక్ చేయబోతే మళ్ళీ మెనూ వచ్చి కూర్చుంటుంది. టాస్క్‌బార్ మూల మౌస్ బొమ్మ ఒకటి ఉంటుంది, ఏ బటన్ పనిలో ఉందో అందులో ముదురు రంగులో కనిపిస్తుంది. పని మధ్యలో అంత చిన్న బొమ్మను ఎవరు చూస్తారు? నేను కుడి క్లిక్‌ను దీనితో చేయడం దాదాపు మానేశాను. ఎడమ క్లిక్‌తో వస్తువును ఎంచుకుని షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే చాలాచోట్ల అదే మెనూ వస్తుంది.

రెండోది అంకెల గొడవ. మీటలన్నీ పాయింటర్‌కు పోతే అంకెలు ఎలా కొట్టాలి? మన తెలుగు డీటీపీ వాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. అను ఫాంట్లలో కొన్ని అక్షర రూపాలు ఆల్ట్ పట్టుకుని అంకెల మీటల మీద సంఖ్య కొడితేనే వస్తాయి. సెట్టింగ్స్‌లో మౌస్ కీస్ నంలాక్ ఆన్‌లో ఉన్నప్పుడే పనిచేయాలా అని ఒక గడి ఉంటుంది. దానికి టిక్ తీసేయండి. అప్పుడు నంలాక్ దీపం వెలుగుతుంటే అంకెలు, ఆరితే పాయింటర్. వత్తులు, ఆల్ట్ సంఖ్యలు ఎప్పటిలాగే పడతాయి. ఈ ఒక్క టిక్ తీయకపోతే తెలుగు డీటీపీ చేసేవారు దీన్ని వాడలేరు.

ఆన్‌లైన్ దరఖాస్తుల దగ్గర దీని విలువ ఇంకో రకం. నిజానికి వెబ్ పేజీని ట్యాబ్ మీటతో ఒక గడి నుంచి మరో గడికి వెళ్తూ, స్పేస్, ఎంటర్‌లతో నింపడమే అన్నిటికన్నా వేగం. మంచి పేజీలో మౌస్ కీస్ అవసరమే రాదు. కానీ కొన్ని పేజీలలో పాయింటర్‌ను పైన ఆనిస్తే తప్ప మెనూ తెరుచుకోదు, కొన్ని బటన్ల మీదకు ట్యాబ్ వెళ్ళనే వెళ్ళదు, ఫొటోలలో ట్రాఫిక్ లైట్లున్న గడులు ఎంచమనే పరీక్ష ఒకటి ఎదురవుతుంది. కీబోర్డు మాత్రమే వాడగలిగిన మనిషి అక్కడ ఆగిపోతాడు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చాక కూడా పేజీలు ఇలా కట్టడం అన్యాయం. అలాంటి చోట దాటించేది మౌస్ కీస్. నేను ట్యాబ్‌తో నడుస్తూ, అది ఆగిన చోట నంలాక్ ఆర్పి ఆ రెండు క్లిక్కులూ చేసి, మళ్ళీ నంలాక్ వెలిగించి ముందుకు వెళ్తాను. చూసేవారికి తికమకగా ఉంటుంది, చేసేవారికి ఉండదు.

ల్యాప్‌టాప్ ఉన్నవారికి చేదు మాట. చిన్న ల్యాప్‌టాప్‌లలో అంకెల మీటలు విడిగా ఉండవు. విండోస్ మౌస్ కీస్‌కు అవే కావాలి, పై వరసలో ఉన్న అంకెలు పనికిరావు. ఈ విషయంలో ఆపిల్ వారిది మెరుగైన పని. మాక్‌లో అంకెల మీటలు లేకపోయినా 7, 8, 9 మీటలు, వాటి కింద ఉన్న యు, ఓ, జె, కె, ఎల్ అక్షరాలు పాయింటర్‌ను నడుపుతాయి, ఐ క్లిక్ చేస్తుంది. విండోస్‌లో అలా కావాలంటే నీట్‌మౌస్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. అందులో ఏ మీట ఏ పని చేయాలో మనమే పెట్టుకోవచ్చు. లినక్స్ వాడేవారికి సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలోనే మౌస్ కీస్ దొరుకుతుంది, అదీ అంకెల మీటలనే కోరుతుంది.

మౌస్ హాయిగా పట్టుకోగలిగి, సినిమాలు చూసి, మెయిళ్ళు చదువుకునేవారు దీనికి మారనక్కర్లేదు. ఆటలు ఆడేవారికి అసలు పనికిరాదు. మణికట్టు నొప్పి ఉన్నవారు, చేయి వణికేవారు, ఒంటి చేత్తో పనిచేసేవారు, బొమ్మల అంచుల మీద పనిచేసేవారు తప్పక నేర్చుకోవాలి. మౌస్ చెడిపోయిన రోజున, వైర్‌లెస్ మౌస్‌లో బ్యాటరీ అయిపోయిన రాత్రి, సగంలో ఉన్న ఫైలును సేవ్ చేసుకుని బయటపడటానికి దీన్ని ఆన్ చేసే ఆ మూడు మీటలు ఎవరికైనా తెలిసి ఉండాలి. పిల్లలకు కంప్యూటర్ నేర్పే మాస్టార్లు మొదటి నెలలోనే ఇది చూపిస్తే బాగుంటుందని నా కోరిక. తరగతిలో మౌస్ పట్టలేని పిల్ల ఒకతె ఉంటే ఆ రోజు నుంచి తను వెనకబడదు.

ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ అంకెల మీటల పలకను విడిగా కొనుక్కునే ఆలోచన ఉన్నవారు డబ్బు ఇచ్చే ముందు దుకాణంలోనే తగిలించి చూడండి. కొన్ని పలకలు ప్రతి మీటకూ నంలాక్‌ను తమంతట తామే మార్చేస్తాయి, వాటితో పాయింటర్ సరిగా నడవదు. మౌస్ కీస్ ఆన్ చేసి, పైన చెప్పిన నంలాక్ టిక్ తీసేసి, నంలాక్ ఆర్పి, 6 మీటను పట్టుకుని, పాయింటర్ ఆగకుండా కుడి అంచు దాకా వెళ్ళిందో లేదో చూసుకుంటే సరిపోతుంది. వెళ్తే కొనండి. మీటలు గట్టిగా ఉంటే మాత్రం వద్దు. మణికట్టు నొప్పి తగ్గించుకోబోయి వేళ్ళ నొప్పి తెచ్చుకున్నట్టవుతుంది.